చేప యాదమ్మది, డబ్బా మాది

ముందే ఒప్పుకుంటాను. చేపల మీద ముప్పై ఏళ్ళకు పైగా పరిశోధన చేసినవాణ్ణి. చేపల గురించి నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి ఇంట్లోనే కిరాయికి ఉండి, ఆమె చెప్పిన ఒక్క మాట వినక, ఆమె బతుకుని పరీక్షనాళికలో పోసి వేడి చేసినవాణ్ణి కూడా నేనే. తెలివితక్కువతనానికి చదువు అడ్డం రాదు, పైగా దానికి ఇస్త్రీ చేసిన చొక్కా తొడుగుతుంది. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి సిగ్గు ఒక కారణం. అడిగినవాళ్ళు లేకపోవడం ఇంకో కారణం. రిటైరైన చేపల శాస్త్రవేత్తని జనం రెండే అడుగుతారు: షుగర్ ఎంతుంది, కొర్రమట్ట ఎక్కడ బాగుంటుంది.

అడిగే మనిషి మొన్న మిరుగం నాడు దొరికింది. మృగశిర కార్తె మొదలయ్యే రోజుని మేం మిరుగం అంటాం. చేప తినే ఇంట్లో ఆ రోజు పులుసు ఉడకకపోతే ఆ ఏడాది వానాకాలం సరిగ్గా మొదలైనట్టు కాదు. ఎల్బీనగర్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌కి మామూలుగా చేప ఫోనులోంచి వస్తుంది. ముల్లు తీసి, కడిగి, తెల్లటి డబ్బాలో, తనకీ నీళ్ళకీ ఏ సంబంధమూ లేనట్టు వస్తుంది. మిరుగం నాడు మాత్రం ఊరంతా ఒకేసారి ఫోను నొక్కడం వల్ల రాలేదు. మా ఆవిడ మార్తమ్మ సంచి చేతికిచ్చి, "ముప్పై ఏండ్లు చాపల సదువు సదివినవ్, జర ఒక్క చాప తెచ్చి చూపియ్యి" అని పంపింది. చంపాపేట్ మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి, జనం తక్కువగా ఉన్న దుకాణం దగ్గర నిలబడ్డాను. అలవాటు కొద్దీ ఒక బొచ్చె చేప మొప్ప ఎత్తి చూశాను, కడుపు మీద వేలు నొక్కి చూశాను, వంగి వాసన చూశాను. కత్తిపీట ముందు కూర్చున్న యాభయ్యేళ్ళ ఆమె చెయ్యి ఆపి నన్నే చూస్తోంది.

"గట్ల మొప్ప లేపి, కడుపు నొక్కి, వాసన జూసి కొనెటోళ్ళు ఇప్పుడెవ్వలు లేరు" అంది. "మా అమ్మ గట్లనే చూస్తుండె. నువ్వు... దాసు మామవు గదా?"

నా పేరు ప్రభుదాసు. దాసు మామ అని పిలిచిన పిల్ల లోకంలో ఒక్కతే ఉండేది. మూసారాంబాగ్‌లో నేను కిరాయికున్న ఇంటివాళ్ళ బిడ్డ లక్ష్మి. అప్పుడు ఎనిమిదేళ్ళుంటాయేమో.

"లక్ష్మీ?"

"ఆఁ, నేనే. నీ పెన్నులు ఇరగ్గొట్టిన లక్ష్మిని."

"అమ్మ..." అని ఆగాను. ఈ వయసులో అలాంటి ప్రశ్నలు పూర్తి చేయడానికి భయం.

"ఉన్నది. ఎనక అర్రల కూసున్నది. కండ్లు పోయినయి గని నోరు పోలే. లోపలికి పోతె గదే అడుగుతది మల్ల, ఎరికే గదా?"

ఎరికే. ఏమడుగుతుందో నలభై ఏళ్ళుగా ఎరికే.

మా ఊరు నల్లగొండ అవతల. మా నాయన చర్చిలో పెద్ద. బైబిల్లో చేపలు పట్టినవాళ్ళంతా గొప్పవాళ్ళయ్యారని నన్ను ఈ చదువులో పడేశాడు. వాళ్ళు వలలు వదిలేసి వెళ్ళిన తర్వాత గొప్పవాళ్ళయ్యారన్న సంగతి ఆయన దృష్టికి రాలేదు. చదువు అయ్యాక దిల్‌సుఖ్‌నగర్ దాటి ఒక పాత మేడలో ఉండే చేపల ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాను. మొప్పలు చూసి మెప్పు సంపాదించే ఉద్యోగం. ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో, పాపపు ఆశకి మా బైబిలు వాడే శోధన అన్న మాట వచ్చినప్పుడల్లా మా అమ్మ నా వంక చూసేది, అందులోంచే నాకు జీతం వస్తుందని ఆమె అనుకునేది. అంత తప్పేం కాదు.

గది కోసం మూసారాంబాగ్ వంతెన దగ్గర వీధులన్నీ తిరిగాను. ప్రతి ఇంట్లో నా పేరు విని, ఇంటిపేరు అడిగి, ఊళ్ళో ఇల్లు ఏ పక్క ఉంటుందో అడిగి, తర్వాత గది ఖాళీ లేదన్నారు. వంతెన దగ్గర గంపలో చేపలు అమ్మే యాదమ్మ ఒక్కతే ఒక్క ప్రశ్నతో సరిపెట్టింది.

"చాప తింటవా?"

"తింట అక్కా."

"అయితె సామాను తెచ్చుకో."

నాకు ఇరవై మూడు, ఆమెకి ముప్పై అయిదు లోపు. వచ్చిన రెండో రోజు నుంచే తమ్మీ అంది. ఆమె భర్త కిష్టయ్య బావ వలలు అల్లేవాడు. గడప మీద కూర్చుని, వల ఒక కొస కాలి బొటనవేలికి తగిలించుకుని, బీడీ నోట్లో ఆరిపోయినా తీయకుండా చిరిగిన కన్నాలు ఒక్కొక్కటే పూడ్చుకుంటూ పోయేవాడు. ఆయన రోజు మొత్తానికి మాట్లాడే మాటలు ఒక పోస్టుకార్డు మీద రాస్తే ఇంకా చోటు మిగిలేది. యాదమ్మ తెల్లారేసరికి వెళ్ళి చెరువుల నుంచి వచ్చిన చేప తెచ్చేది. పొద్దున మొదటి చప్పుడు పొలుసు గీకే చప్పుడు. పొయ్యిలో బూడిద తెచ్చి, చేప మీద రుద్ది, రాతి మీద పెట్టి తోక నుంచి తలకి ఎదురు గీకేది. పొలుసులు ఎగిరి గోడకి అంటుకుని, ఎండెక్కేసరికి అభ్రకంలా మెరిసేవి. చేప పొలుసు నుంచి చేప పులుసు దాకా ఉన్న దారిలో ఆమెకి తెలియని మలుపు లేదు. చింతపండు పిసికిన పిప్పితో చేతులు తోముకునేది, అదే ఆమె సబ్బు. పులుసు మట్టి కంచుట్లో పెట్టి, గరిటె ముట్టించకుండా కంచుడు చెవులు పట్టుకుని తిప్పేది. ఆ పూటది మాకు కొంచెమే పెట్టేది. మరునాటికి ఉంచిన పులుసే అసలు పులుసని ఆమె నమ్మకం, పొద్దున చల్లన్నంలో అది కలుపుకుని ప్రయోగశాలకి వెళ్ళే రోజు నేను మనిషిలా ఉండేవాణ్ణి.

ఆ ఇంట్లో మూడు వాసనలుండేవి. మూసీ వాసన, చేప వాసన, కిరసనాయిలు స్టవ్ వాసన. నాలుగోది నేను తెచ్చాను. ప్రయోగశాలలో చేపల్ని, వాటి మొప్పల్ని, కడుపుల్ని గాజుసీసాల్లో ఫార్మలిన్‌లో నిలవ ఉంచుతాం. శవాలు కుళ్ళకుండా వాడే మందు. చేరిన కొత్తలో కళ్ళు మండి ఏడ్చాను. ఆరు నెలలకి ఏడుపు పోయింది, ఏడాదికి వాసనా పోయింది. అంటే మందుకి వాసన పోలేదు, నా ముక్కుకి పోయింది. గుమ్మంలో అడుగు పెట్టగానే యాదమ్మ అరిచేది: "గా అంగి బయట తగిలెయ్యి తమ్మీ. పీనుగ వాసనొస్తున్నది. నిన్ను జూసి నా చాపలు జడుసుకుంటయి." రోజూ చొక్కా బయట మేకుకి తగిలించి, బనీనుతో లోపలికి వెళ్ళేవాణ్ణి. అదంతా ఆమె చాదస్తమని నవ్వుకునేవాణ్ణి. చేప తాజాదనం ఎలా తెలుసుకోవాలో మా పాఠ్యపుస్తకంలో నాలుగు పేజీలుండేవి, కంటికిన్ని మార్కులు, మొప్పకిన్ని మార్కులు అని. ఆమె ఆ నాలుగు పేజీలూ చేప మీదకి వంగి లేచేలోపల పూర్తి చేసేది. నేను గంటసేపు మార్కులేసి చివరికి ఆమె చెప్పిన చోటికే చేరేవాణ్ణి. అయినా శాస్త్రవేత్తని నేను, చేపలమ్మి ఆమె.

మా సార్ పేరు రాయను. ఇంకా ఉన్నారు, తెలుగు చదువుతారు కూడా. కోస్తా మనిషి, నిప్పులాంటి క్రమశిక్షణ, పాఠం చెబితే చేప బోర్డు మీద ఈదేది. ఆ రోజుల్లో ఒక పుకారు పుట్టింది. దూరం నుంచి లారీల్లో వచ్చే చేప మీద, మంచు కరిగినా కుళ్ళకుండా ఉండడానికి, ఫార్మలిన్ చల్లుతున్నారని. మిరుగం నాడు ఊరంతా చేప తింటుంది కాబట్టి ఆ రోజే పన్నెండు చోట్ల చేపలు కొని పరీక్ష చేద్దామన్నారు సార్. కొనుక్కొచ్చే పని నాది. పరీక్ష సులువే. చేపముక్క నుంచి తీసిన నీళ్ళలో ఆమ్లం కలిపి వేడి చేయాలి. మందు లేకపోతే రంగు మారదు, ఉంటే ఊదాకి తిరుగుతుంది. పదకొండు చోట్ల కొన్నాక వంతెన దగ్గరికి వచ్చాను. యాదమ్మ గంప చుట్టూ జనం. పలకరించి ముందుకి పోబోయాను.

"ఏంది తమ్మీ, అందరి దగ్గర కొంటున్నవంట, నా దగ్గర కొనవా?"

"పరీక్షకి అక్కా. నువ్వు ఇంటి మనిషివి, నీ దగ్గరెందుకు?"

"ఇంటి మనిషినైతె? నా చాప పరీచ్చకు పనికి రాదా? అందరియి తీస్కొని నాదొక్కటి ఇడిసిపెడితె, యాదమ్మ చాపల ఏదో ఉన్నది అందుకే తమ్ముడు ముట్టలేదనుకుంటరు. తీస్కో."

అని గంపలో అన్నిటికంటే మంచి బొచ్చె ఏరి నా చేతిలో పెట్టింది. పొద్దుటిదాకా నీళ్ళలో ఉన్న చేప అది. కన్ను అద్దంలా ఉంది. పదకొండు చేపల్నీ విడివిడి ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టి డబ్బాలో పెట్టాను. సంచులు అయిపోయాయి. మా డబ్బా ఒక రేకు పెట్టె, మంచు నిలవడానికి లోపల గోనెపట్టా కుట్టించాం. చెరువుల నుంచి సీసాల్లో చేపల్ని మోసేదీ అందులోనే, బజారు నుంచి తాజా చేప మోసేదీ అందులోనే. రెండో డబ్బాకి అనుమతి ఇంకా రాలేదు. వారం కింద ఒక సీసా మూత వదులై అందులో ఫార్మలిన్ ఒలికింది. సబ్బుతో కడిగి ఎండబెట్టాను. మూత తెరిచి చేపని అందులో వేయబోతుంటే యాదమ్మ ముక్కు మూసుకుంది.

"గీ డబ్బ నీ అంగి లెక్కనే వాసనొస్తున్నది. దీంట్ల ఎయ్యకు తమ్మీ."

"కడిగిన అక్కా."

"రేకు కడిగితె పోతది. గోనె తాగింది గదా, యాడికి పోతది?"

"నాకేం వాసనొస్తలేదు."

"నీకెట్ల వస్తది, దాంట్లనే పండుకుంటివి!"

కొనడానికి వచ్చినవాళ్ళు పగలబడి నవ్వారు. నా మొహం కమిలింది. చదువుకున్నవాడిని, నలుగురిలో, చేపలగంప ముందు, నా డబ్బా గురించి నాకు చెబుతుందా? చేపని గోనె మీద పడేసి, మూత గట్టిగా వేసి, వెనక్కి చూడకుండా వచ్చేశాను. ఆ నవ్వే లేకపోతే ఒక సంచి అడిగి తెచ్చుకునేవాణ్ణేమో. ఎన్నోసార్లు అలా అనుకుని తప్పుని ఆ నవ్వినవాళ్ళ మీదికి తొయ్యాలని చూశాను. అది జరగలేదు.

మరునాడు పన్నెండు నాళికలు వరసగా పెట్టాను. పదకొండు తెల్లగా ఉన్నాయి. ఒకటి ఊదాగా తిరిగింది. మళ్ళీ చేశాను, మళ్ళీ ఊదా. నిజం చెబుతున్నాను, నాకు బాధ కలగలేదు. గర్వం కలిగింది. అన్నం పెట్టిన అక్కనైనా వదలని న్యాయవంతుణ్ణి అనుకున్నాను. మా సార్ భుజం తట్టి, "ఇదయ్యా దాసూ రీసెర్చ్ అంటే! సొంతా పరాయీ ఉండకూడదు" అన్నారు. ఆ తట్టుకి ఇంకో అంగుళం పెరిగాను. నివేదికలో చేప ఎక్కడ కొన్నదీ రాసే గడి ఉంటుంది. అందులో నా గుండ్రటి అక్షరాలతో యాదమ్మ పేరు, వంతెన గుర్తు, ఇంటి నంబరు రాశాను. ఆ ఇంటి నంబరు నాది కూడానన్న సంగతి రాస్తున్నప్పుడు తోచలేదు.

పది రోజుల తర్వాత తనిఖీ మనుషులు వంతెన దగ్గరికి వచ్చారు. అందరూ చూస్తుండగా ఆమె గంప మీద ఫినాయిల్ పోశారు. అక్కడ ఏం జరిగిందో సాయంత్రం ఇంటికి వచ్చాక కిష్టయ్య బావ చెప్పాడు. వల పక్కన పెట్టి చెప్పాడు, అది నేను చూడడం అదే మొదటిసారి.

"ఒర్రింది దాసు. మా ఇంట్ల సదువుకున్నోడున్నడు, నా తమ్ముడు, ఆయన్నడుగుండ్రి నా చాప సంగతి అన్నది. నీ పేరే చెప్పింది. గాయన రాస్తెనే వచ్చినమమ్మా అన్నరు ఆళ్ళు."

యాదమ్మ లోపలే ఉంది. అన్నం గిన్నె మూతపెట్టి నా గది ముందు పెట్టింది. కోపం లేదు, కేక లేదు. "నా చాపల మందు యాడికెల్లొచ్చింది తమ్మీ? సదువుకున్నోనివి, నువ్వే చెప్పు" అంది. చెరువు దగ్గర ఎవరైనా చల్లి ఉంటారన్నాను. ఆమె తల ఊపింది. నా మాట నమ్మి, తనకి చేప ఇచ్చే చెరువు మనిషితో మరునాడు గొడవ పెట్టుకుంది. ఆ చేప రావడం కూడా ఆగిపోయింది. వంతెన దగ్గర ఆమె చోటులో వేరొకరు కూర్చున్నారు. నెత్తిన గంపతో గల్లీలు తిరిగింది. అప్పటికే పేరు ఆమెకంటే ముందు గల్లీల్లోకి చేరింది. మందుల యాదమ్మ. తెలియనివాళ్ళు సారా అమ్ముతుందేమోనని సాయంత్రాలు ఇంటికి వచ్చేవాళ్ళు. బావ వాళ్ళని వెళ్ళగొట్టేవాడు. లక్ష్మిని బడిలో పిల్లలు మందుబిళ్ళా అని పిలిచారు.

నెల దాటాక సార్ మా సొంత చెరువులోంచి రవ్వ చేప తెమ్మన్నారు. నేనే వల వేసి, గిలగిల కొట్టుకుంటున్నదాన్ని డబ్బాలో వేసి తెచ్చాను. బజారు మొహం చూడని చేప. నాళిక ఊదాకి తిరిగింది. నేను చాలాసేపు నాళికని చూస్తూ కూర్చున్నాను. తర్వాత డబ్బాలోంచి గోనెపట్టా ఒక ముక్క కత్తిరించి, నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళని పరీక్షించాను. ఆ ఊదా నా జీవితంలో చూసిన ఊదాలన్నిటికంటే చిక్కనిది.

ఆ సాయంత్రమే యాదమ్మకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె "డబ్బదా?" అంది. "అవునక్కా." "నేనప్పుడే చెప్తి గదా." "చెప్పినవక్కా." "సరె. అయితె గదే కాయితం మీద రాసియ్యి. చాప మంచిదే, డబ్బ పాడుదని. నీ అచ్చరాలు మంచిగుంటయి. నేను వంతెన కాడ అందరికి చూపెట్టుకుంట." ఒక్క కాగితం. అంతే అడిగింది. రేపు తెస్తానన్నాను.

రేపు సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన గోనె ముక్కని, నాళికని, నన్ను వరసగా చూశారు. ఆయన మనిషి చెడ్డవాడు కాదు, లెక్కప్రకారం ఆలోచించేవాడు.

"దాసూ, రిపోర్టు పైకి వెళ్ళిపోయింది. ఒక్కటి తప్పని రాస్తే మిగతా పదకొండూ ఎవడు నమ్ముతాడు చెప్పు? వచ్చే ఏడు ప్రాజెక్టు ఉంటుందా? నీ ఉద్యోగం ఉంటుందా?"

"ఆమె బతుకు సార్..."

"బుట్టలో చేపలమ్ముకునేవాళ్ళు ఇంకో చోట అమ్ముకుంటారయ్యా. డబ్బా మార్చు. ఇక ఈ మాట ఎత్తకు."

డబ్బా మార్చాను. మాట ఎత్తలేదు. సంతకం లేని కాగితం, ముద్ర లేని కాగితం, ఏదో ఒకటి నేనే రాసి ఇవ్వొచ్చు. ఉద్యోగం పోతుందన్న భయంతో రాయలేదు. యాదమ్మ రోజూ పొద్దున పొలుసు గీకుతూ తలెత్తి చూసేది. రేపు అక్కా అనేవాణ్ణి. కొన్నాళ్ళకి తలెత్తడం మానేసింది. నాలుగు నెలలకి, ఆఫీసుకి దగ్గరని అబద్ధం చెప్పి ఎల్బీనగర్ వైపు గది చూసుకున్నాను. సామాను రిక్షాలో పెడుతుంటే ఆమె నిన్నటి పులుసు టిఫినులో పోసి ఇచ్చింది. "కాయితం తెస్తవు గదా?" అంది. "రేపొస్త అక్కా" అన్నాను.

ఆ తర్వాత ఊరు మారిపోయింది. మూసారాంబాగ్ మీదుగా మెట్రో పోతుంది. ఏసీలో కూర్చుని ఆ స్టేషన్ దాటేటప్పుడు నేను ఫోను చూసుకుంటాను. వేసవిలో కొత్తపేట దాటుతుంటే వచ్చే మామిడిపళ్ళ వాసన కూడా పళ్ళ మార్కెట్‌తో పాటు బాటసింగారం వెళ్ళిపోయింది. మా అపార్ట్‌మెంట్‌లో చేప వండితే కిటికీలు మూయాలని కమిటీవాళ్ళు నోటీసు పెట్టారు. ఇప్పుడు ఫార్మలిన్ చూడడానికి కాగితం పట్టీలున్నాయి, చేప మీద ఆనిస్తే రంగు తెలుస్తుంది. వాటిని ఎలా వాడాలో కుర్ర ఉద్యోగులకి నేనే నేర్పాను. చేపని చూసే ముందు డబ్బాని పరీక్షించండి అని ప్రతి తరగతిలో మొదటి పాఠం చెప్పాను. ఎందుకో చెప్పలేదు. పదవులొచ్చాయి, శాలువాలొచ్చాయి. అలసట కూడా వచ్చింది. దానికి పేరు తెలియక షుగర్ అనుకున్నాను.

లక్ష్మి చెయ్యి కడుక్కుని నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళింది. కిష్టయ్య బావ ఫోటోకి దండ ఉంది. మంచం మీద యాదమ్మ ఇంతైపోయి కూర్చుని ఉంది.

"ఎవలే?"

"నేనక్కా, దాసుని."

"ఏ దాసువి? రేపొస్త అని పోయిన దాసువా?"

మంచం దగ్గరికి జరిగాను. ఆమె గాలి పీల్చి చూసింది. "ఇప్పుడు వాసనొస్తలేవు. నౌకరి ఒడిసిందా?"

"ఒడిసిందక్కా."

"కాయితం తెచ్చినవా?"

లక్ష్మి నా వంక చూసి మెల్లగా చెప్పింది. "ఇయ్యాల్టికి గూడ మందుల యాదమ్మ బిడ్డ దుక్నం అనే అంటరు మామా. ఎందుకంటరో అనెటోళ్ళకే ఎరికలేదు. మిరుగం నాడు గూడ జూడు, పక్క దుక్నం కాడ లైను, నా కాడ నువ్వు."

నాకప్పుడు తెలిసింది, జనం తక్కువగా ఉన్న దుకాణమని నేను ఎంచుకున్న ఆ తక్కువ నా సంపాదనేనని. తెస్తానక్కా అన్నాను. రేపు అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆ నెలలోనే మా సార్‌కి సన్మానం. ఎనభై దాటారు. పాత శిష్యులంతా కలిసి ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు మాట్లాడారు. అభినందన సంచిక ఒకటి వేయాలనుకుని, అందరిలోకీ ఖాళీగా ఉన్నవాణ్ణని నన్ను సంపాదకుణ్ణి చేశారు. సార్ చేసిన పరిశోధనల జాబితా ఆయనే పంపారు. అందులో రెండోది మిరుగం చేపల నివేదిక. పక్కన తన చేత్తో రాశారు: నగరంలో ఇలాంటి మొదటి ప్రయత్నం. ఆ వాక్యాన్ని యథాతథంగా అచ్చు వేయించాను, ఒక్క అక్షరం ముట్టుకోలేదు. సంచికలు ఇంటికి వచ్చాక, దిల్‌సుఖ్‌నగర్‌లో వేరే ప్రెస్సులో చిన్న చీటీలు వేయించుకున్నాను. పగ తీర్చుకోవడానికి కూడా ఓపిక కావాలి. నాకున్న ఓపికకి అరచేయంత చీటీయే తగింది.

"సవరణ. ఈ జాబితాలోని రెండో నివేదికలో ఒక చేపలో మందు ఉందని రాశాం. ఆ మందు చేపది కాదు, దాన్ని మోసిన డబ్బాది. డబ్బా మాది. చేప మంచిది. డబ్బా వాసన వస్తోందని ఆ రోజే చెప్పిన మనిషి, ఆ చేప అమ్మిన మూసారాంబాగ్ యాదమ్మ. ఆమె మాట నేను వినలేదు, నా మాట మా సార్ వినలేదు. పరీక్ష చేసినవాడు, ప్రభుదాసు."

మార్తమ్మ మైదా ఉడికించి జిగురు చేసింది. ఇద్దరం భోజనాల బల్ల మీద కూర్చుని, సార్ ఫోటోకి ఎదురుగా, జాబితా ఉన్న పేజీలో చీటీలు అంటించాం. "పెండ్లయినంక నా ముంగట ఒక్క తప్పన్న ఒప్పుకున్నవా?" అంది మార్తమ్మ. "ఇప్పుడు జూడు, రెండొందల కాపీల ఒప్పుకుంటున్నవ్." నేను ఇంకో చీటీకి జిగురు రాశాను. ఆమె ఒక చీటీ తీసుకుని మళ్ళీ చదివింది. ఆ తర్వాత మూలలు నాకంటే గట్టిగా నొక్కింది.

మొదటి కాపీ చంపాపేట్ తీసుకెళ్ళాను. లక్ష్మి చదివింది. యాదమ్మ రెండోసారి చదవమంది. మూడోసారి "డబ్బ మాది" అన్న దగ్గర ఆపించింది.

"గట్లనే రాసిండా? డబ్బ మాది అని?"

"గట్లనే రాసిండమ్మా."

"నా పేరు యాడున్నది?"

లక్ష్మి ఆమె వేలు పట్టి చీటీ మీద పెట్టింది. ఆమె వేలు అక్కడ చాలాసేపు ఉంది. "గీ నాలుగు ముక్కలకు ఇన్నేండ్లు పట్టెనా తమ్మీ?" అంది. తర్వాత, "నాకు ఇంకో పది కావాలె" అంది.

"ఎవలకిస్తవమ్మా, నిన్నన్నోళ్ళందరు పోయిరి" అంది లక్ష్మి.

"ఆళ్ళ బిడ్డలున్నరు గదనే. ఆళ్ళకు పంచు."

పది కాదు, ముప్పై చీటీలు తెచ్చి ఇచ్చాను. క్షమించానని ఆమె అనలేదు, అడిగే మొహం నాకు లేదు. లక్ష్మి ఒకటి దుకాణంలో త్రాసు పైన గోడకి అంటించింది. చేప ముక్కలు కొట్టేలోపు జనం అది చదువుకుంటున్నారని విన్నాను. కొనడం పెరిగిందో లేదో అడగలేదు.

సన్మానం రోజు సార్‌ని ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించారు. శాలువా కప్పారు, సంచిక ఆయన చేతిలో పెట్టారు. వక్తలు ఆయన్ని పొగుడుతుంటే ఆయన కళ్ళద్దాలు సవరించుకుని మొదటి పేజీ తిప్పారు. ఫోటో చూసి తృప్తిగా తల ఊపారు. ఎదురు పేజీ చదివారు. మళ్ళీ చదివారు. బొటనవేలి గోటితో చీటీ మూల గీకడం మొదలుపెట్టారు. పక్కనున్నాయన ఒడిలోని కాపీ లాక్కుని చూశారు. దాన్నీ గీకారు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. భోజనాల వేళ కర్ర ఊపి పిలిచారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. చేతులు కట్టుకోకుండా ఆయన ముందు నిలబడడం అదే మొదలు.

"ఏంటయ్యా దాసూ ఇది?"

"సవరణ సార్."

"ఇన్నేళ్ళ తర్వాతా? ఎవరు అడిగారయ్యా?"

"యాదమ్మ అడిగింది సార్."

ఆయన కర్ర నేలకి ఆనించారు. కోపం తెచ్చుకోబోయి, దానికి కావలసిన ఊపిరి లేక మానేశారు. మెల్లగా అడిగారు.

"ఎన్ని కాపీల్లో అంటించావ్?"

"అన్నిట్లోనూ సార్. మీ కాపీలో మాత్రం రెండు చోట్ల. ఒకటి మీరు ఊడదీసినా ఇంకోటి ఉంటుందని."